వేలెత్తి ఆపిన విమానం

మా బాబాయి ఒకసారి చూపుడువేలు ఎత్తి విమానాన్ని నడి ఆకాశంలో ఆపేశాడు. నమ్మకపోతే మా వీధి దర్జీని అడగండి. ఆయనా నాలాగే కోతలు కోస్తాడు, కాకపోతే ఆయన దగ్గర కత్తెర ఉంది.

బాబాయి ఉద్యోగం విమానాల మోత కొలవడం. విమానాశ్రయం గోడ పక్కనున్న ఇళ్ల డాబాల మీద గొట్టం నిలబెట్టి, దాని చివర నల్ల స్పాంజి టోపీ తొడిగిన మైకు బిగిస్తాడు. మైకు దగ్గర ఎవరైనా నోరు తెరిచారా, ఆ కొలత చెల్లదు. అందుకని పని ఉన్నంతసేపూ తుమ్ము కూడా మింగేస్తాడు. అలా మింగిన తుమ్ము ఒకటి మర్నాడు భోజనం దగ్గర బయటికొచ్చి కంచం ఎగరగొట్టింది.

కొలత అయ్యాక ఇంటింటికీ తిరిగి అడగాలి.

"విమానాల వల్ల మీకు చిరాకు కొంచెమా, బాగానా, భరించలేనంతా?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ, "విమానమన్నా పోతుందయ్యా, నువ్వే పోవు," అన్నాడు.

ఆ ప్రశ్న బాబాయి సొంతింట్లో ఎన్నడూ అడగలేదు. అడగక్కర్లేదు. పిన్నికి బీపీ ఎక్కింది. అల్మారాలో గ్లాసులు గలగలమన్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. డాక్టరు చోటు మార్చమంటే వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. మోత హద్దు దాటిందని తేలితే విమానాశ్రయం వాళ్లే వీధికంతా రెండు పొరల అద్దాల కిటికీలు పెట్టిస్తారు. కిటికీలొస్తే పిన్ని వస్తుంది. బాబాయి ఆశంతా అదే.

గాలి మళ్లి, విమానాలు మా నెత్తి మీదుగా దిగడం మొదలైన రోజున ఆయన తన డాబా మీదే మైకు పెట్టుకుని నిలబడ్డాడు. పిన్ని చెప్పాపెట్టకుండా వచ్చింది. చేతిసంచీ కిందపెట్టకుండానే మెట్లెక్కింది. చదువుకు ఎగనామం పెట్టినవాడిని కదా, పక్క డాబా మీద తీరిగ్గా కూర్చుని అంతా చూశాను.

"ఏవండీ, అక్కావాళ్లింట్లో నిద్రయితే పడుతోంది గానీ, పలకరించే దిక్కు లేదు. మోతయితే మోతే, నేనిక్కడే..."

బాబాయి వేలెత్తాడు. అదిగో, ఆ వేలే! విమానం బిక్కచచ్చిపోయి ఆగింది. 'ఏం తప్పు చేశాను బాబూ' అన్నట్టు కిందకి చూసింది. ఆయన మీటరు చూసుకుని వేలు దించాకే కదిలింది.

తిరిగి చూస్తే మెట్ల మీద ఎవరూ లేరు. ఫోన్ చేస్తే, "మీ పనికి అడ్డం రానులెండి," అని పెట్టేసింది.

కొలత చెల్లింది. కిటికీలొచ్చాయి. ఇప్పుడా ఇంట్లో గ్లాసులు కదలవు, గోడగడియారం మాత్రం వినిపిస్తుంది. బాబాయి ఒక్కడే కూర్చుని రేడియోలో వార్తలకు జవాబులు చెబుతుంటాడు. అద్దం మీంచి విమానం నీడ జారిందంటే మాట మధ్యలో ఆపేసి, అది దాటాక మిగతాది పూర్తి చేస్తాడు.

మొన్న దర్జీ కొట్లో నేనీ కథ మంచి ఊపు మీద చెబుతున్నాను. చొక్కా బొత్తాం కుట్టించుకోడానికి వచ్చిన బాబాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"విమానం ఆగలేదురా. దాని దారిన అది దిగిపోయింది. నేను వేలు పెట్టింది నా నోటి మీద, మీ పిన్ని మాట్లాడకుండా."