పెరుగన్నం అంటిన కెమెరా

పోదనూరు స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న కుర్రాడి కెమెరా లెన్సు మా ఇంటి రుబ్బురోలంత ఉంది. అతని గర్వమైతే స్టేషను కప్పును తాకుతోంది. ఫోనులో తన ట్రావెల్ బ్లాగు తెరిచి నా ముక్కు కిందికి తోశాడు. అరుగు మీద జుట్టు విరబోసుకుని ఏడుస్తున్న ముసలమ్మ ఫొటో. దాని కింద 'అన్నూరు పల్లె అందాలు' అని రాశాడు.

ఎదుటి బెంచీ మీద పెరుగన్నం తింటున్న ఒకావిడ తొంగి చూసి ముద్ద వదిలేసింది.

"అది మాయమ్మ. మా నాయన పీనుగును ఎత్తిన దినము. అడిగి తీస్తివా తంబీ?"

"తెరువు పక్కన కూర్చోనుండె గదక్కా. అట్ల తీస్తే చట్టప్రకారం తప్పిల్లే."

"చట్టాన్ని ఎవరడిగిరి? మాయమ్మను అడిగితివా? తీసెయ్."

"దానికే లైకులు జాస్తి అక్కా!" అని ఇకిలిస్తూ, ఆవిడ కోపాన్ని కూడా ఫొటో తీద్దామని కెమెరా ఎత్తాడు వెధవ.

ఆవిడ లేచి, ఎంగిలి చేతిని లెన్సు మీద పెట్టి, బిడ్డకు తలంటినట్టు నిదానంగా రుద్దింది.

"మొదట అది చెరుపు. ఇది తర్వాత తుడుచుకో."

అతను రెండో చేత్తో ఫోనులో ఆ ఫొటో తీసేసేదాకా ఆవిడ చెయ్యి కదల్లేదు.

ఇప్పటికీ తెలియని మనిషి వైపు ఫోను ఎత్తబోతే నా ముక్కుకు పెరుగన్నం వాసన తగులుతుంది. ఫోను దించి, ముందు అడుగుతాను.