ఏ గడపా వదలొద్దన్న పాఠం

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, ఒక ఆషాఢ శుద్ధ విదియ నాడు, భోపాల్‌పట్నం దగ్గరి ఒక ఊరి బడిలో సహాయ ఉపాధ్యాయినిగా చేరాను. పై తరగతులు హెడ్మాస్టరు చూసేవారు. నాకు శిశు తరగతి ఇచ్చారు. ఇరవై ముగ్గురు పిల్లలు; ఏడేళ్లు దాటినవారు ఒక్కరూ లేరు. పుస్తకం హిందీలో, వివరణ తెలుగులో.

ప్రతి పండుగకూ ముందురోజు శిశు తరగతికి నోటి పాఠం చెప్పాలని నియమం. పండుగ ఎందుకొచ్చింది, ఆ రోజు పెద్దలేం చేస్తారు, పిల్లలేం చేయాలి అన్నవి చెప్పి, డైరీలో రాసి, హెడ్మాస్టరు సంతకం తీసుకోవాలి.

పుష్య శుద్ధ చతుర్దశి నాడు ఛేర్తా పాఠం చెప్పాను. పుష్య పున్నమికి వచ్చే ఆ పండుగ ఊళ్లోని హల్బీ మాట్లాడే కుటుంబాలది. మా తెలుగు పిల్లలకు కొత్త. కోతలు ముగిసి వడ్లు గాదెల్లో చేరిన పున్నమి అని, పిల్లలు గుంపుగా వెళ్లి వాకిట్లో "ఛేర్తా" అని కేకవేస్తే వడ్లు పెడతారని, ఆ రోజు అడగడం తప్పు కాదు, లేదనడమే తప్పని చెప్పాను. ఉన్నవారూ లేనివారూ ఆ రోజు సమానమని తెలియడానికి, "ఏ గడపా వదలొద్దు. మీరు పోకపోతే ఆ ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు" అన్నాను. ఆ మాట తరగతి చేత మూడుసార్లు అనిపించాను.

అంతకు నాలుగు రోజుల ముందే ఊరి కావలివాడైన కోత్వాల్ దండోరా వేశాడు. ఎర్రయ్య అనే ముసలాయన ఇంట్లో అమ్మవారు పోసింది, అటు ఎవరూ పోవద్దని. మశూచికాన్ని అక్కడ ఆ పేరుతోనే పిలిచేవారు. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. దండోరా నేనూ విన్నాను. అందరికీ తెలిసిందే కదా అని పాఠంలో చేర్చలేదు.

నా తరగతిలో సమ్మక్కకు ఆరేళ్లు. కార్తీకంలో టీకాలు వేసే ఉద్యోగి వచ్చిన రోజు ఆ పిల్ల బడికి రాలేదు. టీకాల పట్టీలో ఆమె పేరు ఎదుట "గైర్హాజరు" అని రాసింది నేనే. ఆయన మళ్లీ రాలేదు. రమ్మని నేనూ కబురు పెట్టలేదు.

పున్నమి పొద్దున ఎర్రయ్య వాకిట ఏం జరిగిందో వెంట ఉన్న పిల్లలు తర్వాత చెప్పారు.

"వేపమండలున్నయే, ఆ ఇంటికి పోకు" అన్నదట తోటిపిల్ల గంగి.

"ఏ ఇల్లూ ఇడవొద్దని పంతులమ్మ చెప్పలే? నువ్వేమన్న పంతులమ్మవా ఏంది?" అన్నదట సమ్మక్క. "ఆడనే ఉండు పిరికిదానా. నీ వంతు వడ్లు గూడ నేనే తెచ్చుకుంట."

ఇంట్లో ఎర్రయ్య ఒక్కడే మంచం మీద ఉన్నాడు. పండుగనాడు గడపలోకి వచ్చిన పిల్లను వట్టి చేతులతో పంపకూడదని లేచి, దోసెడు వడ్లు తన చేత్తోనే ఆమె సంచిలో పోశాడు.

పన్నెండో రోజు, పుష్య బహుళ ద్వాదశి నాడు, సమ్మక్కకు జ్వరం తగిలింది. మాఘ శుద్ధ షష్ఠి నాడు చనిపోయింది. ఎర్రయ్య అప్పటికే పోయాడు.

హాజరుపట్టీలో పేరు కొట్టేయాలంటే ఉపాధ్యాయులు ఇంటికి వెళ్లి విచారించి కారణం రాయాలి. వెళ్లాను. తల్లి లచ్చక్క నన్ను తిట్టలేదు.

"ఆ ఇంటికి పోవద్దని పొద్దుగాల్నే చెప్పిన పంతులమ్మా. 'నీకేం ఎరుక, నువ్వు బడికి పోయినవా' అని నవ్వింది. నువ్వు ఒక్కమాట చెప్తే ఆగేది" అంది.

కారణం గడిలో "మశూచికం" అని రాశాను. డైరీలో చతుర్దశి నాటి పాఠం కింద హెడ్మాస్టరు "బాగుంది" అని రాసి సంతకం చేసి ఉన్నారు. నేను చెప్పకుండా వదిలేసిన మాటను దాని పక్కన రాసి ఆయనకు చూపించాను. సంతకం అయ్యాక ఏదీ చేర్చకూడదని ఆయన దాన్ని కొట్టేశారు.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు శిశు తరగతికే చెప్పాను. ఛేర్తా పాఠానికి ముందు ఊరంతా నడిచి వేపమండలు కట్టిన ఇళ్లు చూసి వచ్చేదాన్ని. ఆ ఇళ్లవాళ్ల పేర్లతోనే పాఠం మొదలుపెట్టేదాన్ని. ఆరేళ్ల పిల్లకు పంతులమ్మ మాట ముందు తల్లి మాట, ఊరి మాట నిలవవు. అందుకే ఎక్కడికి పోకూడదో ముందు చెప్పాలి. పండుగ సంగతి ఆ తర్వాత.