కెమెరా వెనక నిలబడ్డవాళ్లు

పెద్దక్క బస్సు కండక్టరుగా పనిచేసిన రోజుల్లో, ఆమె గొంతెత్తిందంటే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు కూడా మారుమాట్లాడకుండా లోపలికి వచ్చేవాడు. కాలు పెట్టే సందు లేని బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు టికెట్లు కొడుతూ, ఒకరికి సీటు ఇప్పిస్తూ, ఇంకొకరికి చీవాట్లు పెడుతూ, మధ్యలో డ్రైవరుతో వేళాకోళమాడుతూ పొద్దు గడిపేసేది. "జనం మధ్యలో ఉంటేనే నాకు ఊపిరాడుతుంది" అనేది. నిజంగా ఊపిరాడని చోట నిలబడి ఆ మాట అంటుంటే బస్సంతా నవ్వేది.

అమ్మకు పక్షవాతం రావడంతో ఆ ఉద్యోగం పోయింది. పోయిందంటే ఎవరూ తీసెయ్యలేదు, తనే మానేసింది. చెల్లెలికి పెళ్లయి నాలుగు వీధుల అవతల కాపురముంది. తమ్ముడు పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, భార్యాపిల్లలతో వేరే ఇంట్లో ఉంటాడు. పెళ్లి కానిది పెద్దక్క ఒక్కతే. "కొన్నాళ్లు చూసుకో అక్కా, అమ్మ కాస్త తేరుకున్నాక మళ్లీ చేరుదువుగాని" అన్నారు ఇద్దరూ. అమ్మ తేరుకోలేదు. ఒక పక్క చేయీ కాలూ స్వాధీనంలోకి రాలేదు. మాట పోయి "ఆ" అనే ఒక్క శబ్దం మిగిలింది. దాహానికి "ఆ", దురదకు "ఆ", దుప్పటి తడిసిందని చెప్పడానికి "ఆ". ఏ "ఆ" దేనికో పెద్దక్కకు అలవాటైంది. అలవాటైంది కాబట్టి ఆమె తప్ప ఇంకెవరూ అమ్మ దగ్గర పనికిరారని ఇంట్లో తీర్మానమైపోయింది. తీర్మానం చేసింది ఫలానావాళ్లని చెప్పడానికి లేదు. అలా కుదిరిపోయింది, అంతే.

వాళ్లుండేది రెండో అంతస్తులో. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటిగా రెండు గదులు, ఆ వెనక వంటిల్లు. ముందుగదిలోని కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే సున్నం అంటుకునేంత దగ్గర. కూరగాయలు, మందులు మెట్ల దగ్గర నుంచి కిందికి బుట్ట దింపి తెప్పించుకునేది. మెట్లు దిగి వీధిలోకి వెళ్లడమంటే అమ్మ పడుకున్నప్పుడు పరుగున వెళ్లి పరుగున రావడమే. గొంతు మాత్రం అలాగే ఉండేది. వంటింట్లోంచి పెద్దక్క ఏదన్నా అంటే కింద అంతస్తువాళ్లు బదులిచ్చేవారు.

ఒకసారి తమ్ముడు ఒక గాయనిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె సొంతంగా పాట ఒకటి రికార్డు చేయించుకుంది. విడిచిపెట్టి వెళ్లినవాడి కోసం ఒక ఆడమనిషి ఇంట్లో ఒంటరిగా ఎదురుచూసే పాట. దానికి వీడియో తీసే పని తమ్ముడికి దొరికింది. ఇల్లంతా తిరిగి చూసి, "మీ అక్కగారిల్లు భలే కుదిరింది" అంది గాయని. ఇరుకు కొంపను ఎవరైనా మెచ్చుకోవడం పెద్దక్క వినడం అదే మొదలు.

"దేనికి కుదిరిందమ్మా?" అంది.

"ఒంటరితనానికి, అక్కా," అన్నాడు తమ్ముడు ఉత్సాహంగా. "పెళ్లి వీడియోలు తీసి తీసి నాకు విసుగొచ్చేసింది. అక్కడ పిన్నిగారి చెవి పోగు ఫ్రేము అంచులో తెగిపోయినా మర్నాడు ఫోను చేసి తిడతారు. అందరూ పట్టాలి. ఇక్కడ అలా కాదు. ఫ్రేములో ఒక్క మనిషి, అదీ ఓ మూల. తల మీద బోలెడు ఖాళీ గోడ. గుమ్మంలోంచి ఇంకో గుమ్మం, అందులో ఆ మనిషి. ఎటు చూస్తుందో అటు చోటు ఉంచకూడదు, అంచు ముక్కుకి తగిలేలా పెట్టాలి. వీపు వెనక మాత్రం గది గదంతా ఖాళీ. ఇక ఆ మనిషి ఏడవక్కర్లేదు. చూసేవాడికే గుండె పట్టేస్తుంది."

పాటలో గాయనే నటించాలి. తీరా వీడియో తీసే రోజు మధ్యాహ్నం ఆమె పంటినొప్పితో, ఒక చెంప బూరెలా వాచిపోయి దిగింది. లైట్లు అద్దెకు తెచ్చారు, మళ్లీ దొరకవు. తమ్ముడు గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి అక్క మొహం కేసి చూశాడు.

"ఛీ, పోరా! నా మొహానికి పాటా?" అంది పెద్దక్క.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. రోజూ చేసే పనులే చెయ్యి. దుప్పటి మడత పెట్టు, కిటికీ దగ్గర నిలబడు. నిన్ను నేను దూరంగా పెడతాలే."

"దూరంగానే ఉన్నాగా," అని నవ్వుతూ జుట్టు ముడి వేసుకుని వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమెకు సరదా వేసింది. ఇంట్లో అంతమంది చేరి ఎన్నాళ్లయిందో. లైట్లు పట్టుకునేవాడు, గాయని, ఆమె భర్త, టీ పట్టుకొచ్చిన చెల్లెలు, గుమ్మంలో గుమిగూడిన కింద అంతస్తువాళ్లు. పెద్దక్క అందరికీ మర్యాదలు చేసి, అందరితో పరాచికాలాడింది. తమ్ముడు కెమెరా నిలబెట్టి అందర్నీ ఒక్కొక్కరినే తన వెనక్కి తోశాడు. చెల్లెలు కుర్చీలో కూర్చుంటే, "లే, లే, అడ్డొస్తున్నావు" అని లేపి కుర్చీని ఖాళీగా అక్కడే ఉంచాడు. వెనకగదిలో అమ్మ మంచం కోడు కనబడుతుంటే తలుపు ఓరగా వేశాడు.

"కుడివైపు చూడక్కా. ఎవరో పిలిచినట్టు కాదు. ఇక ఎవరూ పిలవరని తెలిసినట్టు."

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి "ఆ" వినబడింది. పెద్దక్క తల తిప్పింది.

"అదే! అలాగే ఉండు, కదలకు!" అన్నాడు తమ్ముడు.

అమ్మ ఇంకోసారి పిలిచింది. పాట కోసం తీస్తున్నది కాబట్టి శబ్దంతో పని లేదు. వెళ్లాలని కాళ్లు లాగుతున్నా, కెమెరా ఆగేవరకు పెద్దక్క అలాగే నిలబడిపోయింది.

వీడియో పూర్తయ్యాక ఒక ఆదివారం పొద్దున అందరూ ముందుగదిలో చేరి టీవీలో పెట్టుకున్నారు. పాట మొదలైంది. పెద్ద గోడ, దాని అడుగున ఓ మూల నలిగిన గుడ్డముక్కలా పెద్దక్క. రెండు గుమ్మాల అవతల, సగం దుప్పటి చేతిలో, సగం నేలమీద. పక్కన ఖాళీ కుర్చీ. కిటికీ ఊచలు మొహానికి అడ్డంగా. కుడివైపు తల తిప్పే చోట గాయని గొంతు సన్నగా సాగింది. చెల్లెలు కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎంత ఒంటరిగా ఉన్నావే అక్కా!" అంది.

"ఇదిగో, ఈ షాట్‌కే పడిపోతారు జనం," అన్నాడు తమ్ముడు.

పెద్దక్క మళ్లీ వెయ్యమంది. వేశాడు. తల తిప్పే చోట, "ఆపు" అంది.

"ఒరేయ్, ఇప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నేనా? కెమెరా వెనకాల."

"చెల్లాయి?"

"నా పక్కన."

"ఆ కుర్చీలో ఇదే కదా కూర్చుంది?"

"అవును. అడ్డొచ్చిందని లేపాను. అయితే ఏంటక్కా?"

"అమ్మ పిలుస్తుంటే చూశాన్రా అటు. ఇందులో అమ్మ లేదు. అమ్మ గొంతు లేదు. మీరెవరూ లేరు. అంతా నాకు నాలుగడుగుల దూరంలో నిలబడే ఉన్నారు." ఆమె గొంతు పెరగలేదు, అదే వాళ్లను భయపెట్టింది. "ముందు అందరూ పక్కకి తప్పుకుని, మిగిలినదాన్ని చూసి ఏడవడం. దీన్నేనా నువ్వు ఒంటరితనం అన్నది?"

"అది వీడియో అక్కా, నటన..."

"నేనేం నటించలేదు. రోజూ చేసే పనులే చెయ్యమన్నావు, చేశాను."

లోపల్నుంచి అమ్మ "ఆ" అంది. అలవాటు కొద్దీ అందరూ పెద్దక్క వైపు చూశారు. ఆమె లేవలేదు. అమ్మ మళ్లీ పిలిచింది. చివరికి తమ్ముడు లేచి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఏం కావాలో అర్థం కావట్లేదు" అన్నాడు.

"నాకూ మొదట్లో అర్థం కాలేదు," అంది పెద్దక్క.

ఆ రోజే మాట తీసుకుంది. మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు, శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు. పెళ్లిళ్ల సీజనని ఒకరు, పిల్లల చదువులని ఒకరు నసిగారు. ఆమె బస్సులో చిల్లర లేదన్నవాళ్లను చూసినట్టు చూసింది. ఒప్పుకున్నారు.

మొదటి శుక్రవారం చెప్పులేసుకుని మెట్లు దిగింది. ఎక్కడికెళ్లాలో తోచలేదు. ఎదురుగా తన పాత రూటు బస్సు ఆగితే ఎక్కేసింది. ఇప్పుడు టికెట్లు మెషీన్లో వస్తున్నాయి. కండక్టరు కుర్రది నోరు విప్పకుండా చెయ్యి చాపింది. పెద్దక్క చివరి స్టాపుకి టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుంది. ఇటు భుజం అటు భుజం తగిలేంత జనం. అదే రద్దీ, అదే చెమట వాసన. ఇక్కడ ఊపిరాడాలి మరి. కానీ రెండో స్టాపు దాటేసరికే, అమ్మను పక్కకి తిప్పాడో లేదోనన్న ఆలోచన పట్టుకుంది. ఎవరో చంటిపిల్ల "ఆ" అంటే ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గది తన వెంటే బస్సెక్కి కూర్చుందనిపించింది. సగం దారిలో దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

తమ్ముడు చొక్కా తడిసి, జుట్టు రేగి ఉన్నాడు. అమ్మను ఒక్కడే లేపబోతే నడుం పట్టేసింది. పక్క దుప్పటి తిరగబడి ఉంది. అక్కను చూడగానే చిన్నపిల్లాడిలా, "ఇంత త్వరగా వచ్చావేం?" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ప్రాణం లేచొచ్చినట్టుంది. పెద్దక్కకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

వీడియో ఫోన్లలో బాగానే తిరిగింది. కిటికీలో నిలబడ్డ ఆవిడ ఎవరని అడిగి, ఆ ఇంటికెదురుగా ఆగి పైకి చూసి వెళ్లినవాళ్లున్నారు. డిపోలో పాత డ్రైవరు ఫోను చేసి, "నువ్వు కాదనుకున్నానమ్మా, అంత నెమ్మదిగా నువ్వుండవుగా!" అన్నాడు. ఉద్యోగం గురించి పెద్దక్క వాకబు చేసింది. వయసు దాటింది, ఖాళీలు లేవన్నారు. తమ్ముడికి అలాంటి పాటలే ఇంకొన్ని వచ్చాయి. మళ్లీ నటించమని అడిగితే, "కావాలంటే మీ ఆవిణ్ణి కూర్చోబెట్టుకో" అంది. అతను ఇంకెప్పుడూ అడగలేదు.

చెల్లెలి మంగళవారాలు ఎన్నాళ్లో నిలవలేదు. జ్వరమని ఒకసారి, చుట్టాలని ఒకసారి, తర్వాత ఫోను కూడా రాలేదు. శుక్రవారం ఒక్కటీ మిగిలింది. దాని కోసం పెద్దక్క దెబ్బలాడుతుంది, బతిమాలుతుంది, అవసరమైతే మెట్ల మీద నిలబడి వీధంతా వినేలా అరుస్తుంది. బస్సెక్కి ఇప్పుడు చివరి స్టాపు దాకా వెళ్తోంది. డ్రైవరు బండి తిప్పేదాకా ఖాళీ బస్సులో అలాగే కూర్చుని, అదే బస్సులో తిరిగొస్తుంది. గది ఇంకా వెంట వస్తూనే ఉంటుంది. కొన్ని స్టాపుల దాకా మాత్రం దాన్ని మరచిపోగలుగుతోంది.

ఇల్లు చేరేసరికి తమ్ముడు చెప్పులేసుకుని, కెమెరా సంచి భుజాన తగిలించుకుని గుమ్మంలో తయారుగా ఉంటాడు. ఆమె పక్కకి జరిగితే చాలు, మెట్ల మీద దూసుకుపోవడానికి.

"వచ్చే శుక్రవారం," అంటుంది పెద్దక్క, దారివ్వకుండా.

"వస్తాలే అక్కా."

"లే కాదు. వస్తాను అను."

"వస్తాను."

అప్పుడు తప్పుకుంటుంది. అతని అడుగులు కిందికి దిగిపోయేదాకా విని, తలుపు వేసి, దుప్పటి మార్చడానికి లోపలికి వెళ్తుంది.