అమ్మోరికి పెట్టే గింజలు

ఇరవై ఏళ్ల కిందటి మాట. హుకుంపేటలో బస్సెక్కిన ఒక గిరిజన ముసలావిడ నా పక్కన కూర్చుంది. ఆవిడ ఒళ్లో అడ్డాకుల్లో చుట్టిన వరి వెన్నులున్నాయి. కొత్త పంటకి చేసే కొత్తల పండగకి అమ్మవారికి పెట్టడానికి కన్నవారి ఊరి నుంచి తీసుకెళ్తోందట.

“మీకు పొలం లేదా అమ్మా?” అన్నాను.

“నేకేటి బాబూ, ఉంది. ఏటేటా సంచీ ఎరువే సల్లినాం. మొన్న ఆఫీసోళ్లు మట్టీ, గింజలూ అట్టుకెళ్లి సూసినారు. ఎరువులో ఇసపు లోహమేదో ఉందట. పేరు నాకు నోరు తిరగనేదు. అది మట్టిలో దిగి గింజలోకొచ్చేసిందట. అమ్మోరికి అయ్యి ఎలాగెడతాను?”

“మరి మీ ఇంట్లో తిండికి?”

“ఇంట్లో ఇంకెవులున్నారు? నానొక్కదాన్నే. నాకు ఆ పొలం గింజలే.”

బస్సు కుదుపుకి కొన్ని గింజలు కింద రాలాయి. ఆవిడ వంగి, అన్నీ ఏరి, నా అరచేతిలో పోసింది.

“కింద పడ్డవి అమ్మోరికి పనికిరావు. పండగవకుండా నాను కొత్తవి తినకూడదు. నువ్వు తిను బాబూ, మంచి గింజలు.”

డుంబ్రిగుడలో దిగి, వెన్నుల మూటకి కొంగు కప్పుకుని పొగమంచులోకి వెళ్లిపోయింది. నేను ఒక్కో గింజా పంటితో ఒలుచుకుని నెమ్మదిగా నమిలాను. తియ్యగా ఉన్నాయి. అరకు వచ్చేదాకా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు.