నాగేందర్ మసక విమానం

బోధన్‌లో కళ్లద్దాలు అమ్మే నాగేందర్‌కు ఒకటే పిచ్చి. కాస్త తీరిక దొరికితే చాలు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడుపుతాడు. విమానం ఆటదే గానీ కింద కనిపించే నేల ఉపగ్రహం తీసిన అసలు ఫొటో. కాకపోతే మహా మసక. పైనుంచి చూస్తే పొలాలు. కాస్త దిగితే గోంగూర కలిపిన అన్నం. ఊరందరి చూపూ సరిచేసే మనిషి ఆ మసకలోనే అన్నీ గుర్తుపడతాడు.

"గదే కోటగిరి," అన్నాడోసారి భార్య సవితకు ఓ పచ్చటి మరక చూపించి.

సవిత బళ్లో టీచరు. అంత తేలిగ్గా వదలదు. "నిన్న గదే నిజాంసాగర్ అన్నవు కదా."

"నిన్న నీళ్లెక్కువున్నయి."

అన్నానికి పిలిస్తే ఇంకో తంటా.

"ఆగు, దిగనియ్యి. రన్‌వే కనవడ్తలేదు."

"నిన్న ఏడ దిగినవ్?"

"గోదావరిల."

ఈ అవస్థ చూడలేక సవిత తమ్ముడు ధనుంజయ్ నిజామాబాద్ నుంచి కొత్త ఫొటోలు తెచ్చి ఎక్కించాడు. ఇళ్ల కప్పులు, చెరుకు లారీలు అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. తమ మిద్దె కనిపించేసరికి సవిత మురిసిపోయింది. మర్నాడు చూస్తే మళ్లీ పాత మసకే.

"ఎందుకు తీసేసినవ్?"

"గా కొత్త బొమ్మల నాకు నడపరాదు."

తమ్ముడు అంత ప్రేమగా తెచ్చినదాన్ని ఒక్క పూటలో తీసిపారేశాడని సవితకు ఒళ్లు మండింది. కొన్నాళ్లు మొగుడితో ముభావంగానే ఉంది.

ఓ మధ్యాహ్నం ఆమె బడి నుంచి తొందరగా వచ్చేసింది. నాగేందర్ పక్క కుర్చీలో ఎదురింటి హుసేన్ బీ కూర్చుని ఉంది. ఆమె నడుముకు బెల్టులాగా సవిత పాత చీర కట్టి ఉంది.

"ఖాలా, పైకి లేస్తున్నం. కళ్లు తెరువుండ్రి."

"తెరిచే ఉన్నయి బేటా. గది మా చెరుకు చేనే కదా?"

"అవును ఖాలా, మీదే," అన్నాడు నాగేందర్ ఓ మరకను చూస్తూ.

అప్పుడు హుసేన్ బీ సవితను గమనించి కంగారుపడింది. "మహీన్‌కు చెప్పకు బేటీ. నన్ను మక్కాకు, ఉమ్రాకు తోల్కపోతనని టికెట్లు తీసింది నా బిడ్డ. నాకేమో విమానమంటే గుండె జారుతది. రానని చెప్దామనుకున్న. నీ పెనిమిటేమో ముందుగల్ల ఇంట్ల ఎక్కి సూడమన్నడు. కొత్త బొమ్మల ఇండ్లు గంత లోతుల కనవడంగనే కళ్లు తిరిగినయి, లేచి ఉరికిన. అందుకే మల్ల పాతది పెట్టిండు. గిది బొంత పరిచినట్టు మెత్తగుంటది."

"నాకెందుకు చెప్పలే?" అంది సవిత మొగుడితో.

"ఎవ్వరికీ చెప్పద్దన్నది ఖాలా."

సవిత సంచి పక్కన పెట్టి, ఇంకో కుర్చీ లాక్కొచ్చి వాళ్ల వెనక వేసుకుంది. "నడుపు," అంది.

ఉమ్రా నుంచి తిరిగొచ్చాక మహీన్ ఖర్జూరాలు తీసుకుని వచ్చింది. "మా అమ్మీ కిటికీ సీటు ఇడువలేదక్కా. పక్కన ఒకామె వణుకుతుంటే చెయ్యి పట్టుకున్నది. 'డరో మత్, మా బోధన్ విమానం ఇంతకంటె ఎక్కువ ఊగుతది' అన్నది. బోధన్‌ల విమానం ఏడిదక్కా?"

సవిత చాయ్ కప్పు ఆమె చేతికిచ్చింది.

"తాగు. తాగినంక నిన్నూ ఎక్కిస్తం."