బెడోక్‌లో నా మొదటి సోలో

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తాను, నవ్వుకోండి. నా వంతు నవ్వు ఆల్రెడీ అయిపోయింది.

వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్, వీకెండ్ వస్తే రెగే పాటల బ్యాండ్‌లో కీబోర్డ్. పద్దెనిమిదేళ్ల కెరీర్ నాది! సింగపూర్‌కి చదువుకోడానికొచ్చిన కొత్తలో నన్ను ఇందులోకి లాగింది మా బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించే రహీం అంకుల్. ఇప్పుడాయనకి వేళ్లు సహకరించట్లేదు. అందుకే ఆదివారం సాయంత్రం బెడోక్‌లో, వాళ్ల అపార్ట్‌మెంట్ బ్లాక్ కిందే, ఆయన చివరి షో.

మేముండే యూ టీ నుంచి బెడోక్ అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి. అంత పొడుగు కీబోర్డ్ బ్యాగుని ట్రైన్‌లో కౌగిలించుకుని వెళ్లాను. స్టేజీ మీద జిప్ తీశాను.

లోపల ఇస్త్రీ బల్ల!

ఇంటికి ఫోన్ చేశాను. "నా కీబోర్డ్ ఏదీ?"

"మంచం కింద. గెస్టులొస్తున్నారని పోయిన వారం హాలు సర్ది, ఇస్త్రీ బల్లని ఆ బ్యాగులో దాచింది మీరేగా?" అంది మా ఆవిడ.

నేనే. కాదనడానికి లేదు.

షోకి ఇంకా ఇరవై నిమిషాలు. రహీం అంకుల్ ఇస్త్రీ బల్లని చూశారు, నన్ను చూశారు. "నెవర్ మైండ్ లా" అన్నారు ఇక్కడి యాసలో, మెల్లగా. తిట్టినా బాగుండేది.

మూడో ఫ్లోర్ ఆంటీ ఒకావిడ జాలిపడి మనవరాలి బొమ్మ కీబోర్డ్ తెచ్చిచ్చింది. దాన్నిండా ఏనుగు స్టిక్కర్లు. సరే, రెగేలో మన పనేముంది? దెబ్బకీ దెబ్బకీ మధ్య "చక్... చక్" అనడమే. అది లేకపోతే పాట కుంటుతుంది, ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఆ బొమ్మకో మైకు పెట్టి మొదలెట్టాం.

మూడు పాటలు బానే నడిచాయి. నాలుగోది అంకుల్‌కి ప్రాణం. సరిగ్గా అందులోనే నా బొటనవేలు ఎర్ర బటన్ మీద పడింది. అంతే! బొమ్మ దానంతటదే డెమో ట్యూన్ అందుకుంది. టింగిరి టింగిరి అంటూ ఒకటే పరుగు. ఆపుదామని ఏ బటన్ నొక్కినా ఓసారి కోడి కూస్తోంది, ఓసారి ఆవు అరుస్తోంది! డ్రమ్మర్ నవ్వాపుకోలేక కర్ర జారవిడిచాడు. అంకుల్ మాత్రం కళ్లు మూసుకుని, బాస్ గిటార్‌ని ఆ ట్యూన్ వెనకాలే నడిపించేశారు. ఇక నేనూ గాల్లో వేళ్లు ఆడిస్తూ వాయిస్తున్నట్టు నటించాను. ఏం చేస్తాం!

పాటయ్యాక ఒకటే చప్పట్లు. అంకుల్ కళ్లు తుడుచుకుంటున్నారు. నవ్వో ఏడుపో, నేనడగలేదు.

ఇంతలో ఆ బ్లాక్‌లోనే ఉండే ఓ పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఇన్నేళ్లుగా మీ షోలు చూస్తున్నా. నువ్వు బాగా వాయించడం ఇదే మొదటిసారి!"

"థ్యాంక్యూ అంకుల్" అన్నాను. వాయించింది నేను కాదు, బొమ్మ అని చెప్పేవాణ్నే. కానీ పద్దెనిమిదేళ్లలో నాకు దొరికిన మొదటి పొగడ్త, ఎలా వదులుకుంటాను!