పాపకు నిజం చెప్పమన్న టీచరమ్మ

ఆ మంగళవారం ఉదయం ప్రార్థన ముగించి ఉప్మాకు ఎసరు పెట్టాను. మా చెల్లెలి కూతురు, అయిదేళ్ల పాప, గడప మీద కూర్చుని గౌను గుండీలు తనే పెట్టుకుంటోంది. ఒకటి తప్పు కాజాలోకి పోయింది. విప్పి మళ్లీ పెట్టుకుంది. మంగళవారం టీచరమ్మ వచ్చే రోజు. శంషాబాద్‌లోని పిల్లల కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. కొత్తూరులో, తన ఇంట్లో, నిద్రలోనే టీచరమ్మ గుండె ఆగిందట. మట్టి చేసేది రేపు పొద్దున అన్నారు. ఎసరు మరుగుతూనే ఉంది. రవ్వ పోయడం మరిచాను.

భయం పట్టిన చిన్నపిల్లల్ని మళ్లీ మనుషుల్లోకి తేవడం ఆమె పని. రెండేళ్ల కింద బెంగళూరు రోడ్డు దాటుతుంటే మా చెల్లెల్ని లారీ కొట్టింది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. అప్పుడు పాప తల్లి చెయ్యి పట్టుకునే ఉంది. ఆనాటి నుంచి పాపకు మాట లేదు. తల్లి కోసం ఇల్లంతా చూస్తుంటే, "అమ్మ విమానంలో ఊరికి పోయింది బిడ్డా" అన్నాను. ఎయిర్‌పోర్టు పక్కన ఉండేవాళ్లం, నోటికి అదే వచ్చింది. ఇక విమానం చప్పుడైతే చాలు, పాప ముద్ద వదిలి డాబా మీదికి పరుగెత్తేది.

టీచరమ్మ మొదటి నెలంతా పాపను ఒక్క మాటా అడగలేదు. గోడవైపు తిరిగి కూర్చున్న పాపకు కాస్త దూరంలో, నేల మీద కూర్చుని బట్టబొమ్మకు జడ వేసేది. "ఈ జడ అయినంక నేను పోత" అని ప్రతిసారీ ముందే చెప్పేది. చెప్పకుండా ఎన్నడూ లేచిపోలేదు. చాయ్ ఇస్తే సగమే తాగేది.

ఒకరోజు డాబా సంగతి ఆమె కంట పడింది. వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, పొద్దుమాపు ప్రార్థన చేసెటిదానివి. పిల్లకు గిట్లెందుకు చెప్పినవ్?"

"ఏడుస్తదని."

"ఏడ్వనియ్యి. ఏడిస్తే అలసి పండుకుంటది. ఎదురుచూసే పిల్ల ఎప్పుడు పండుకోవాలె?"

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేనే పాపకు నిజం చెప్పాను. మూడు రోజులు ఏడ్చింది. ఆ మరుసటి మంగళవారం బొమ్మ జడ చూసి, "వంకరుంది" అంది. ఎనిమిది నెలల తర్వాత మేము విన్న మొదటి మాట అది.

"నా జడ గూడ గట్లనే ఉంటది, నువ్వే జర సక్కగ వెయ్యి" అని టీచరమ్మ తల వంచి కూర్చుంది.

దానికి దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆమెకు చెప్పలేదు.

ఫోన్ వచ్చిన రోజు పాప మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉంది. "టీచరమ్మ ఇంక రాలేదేంది పెద్దమ్మా?" నేను తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.

సాయంత్రం మా మరిది, పాప తండ్రి, క్యాబ్ డ్యూటీ దిగి వచ్చాడు. విని, పాప ఎక్కడుందో చూసి గొంతు తగ్గించాడు.

"వదినా, ఇప్పుడిప్పుడే నలుగురితోని మాట్లాడుతున్నది. మళ్ల నోరు మూసుకుంటే? బదిలీ అయిందని చెప్దాం."

"నేనొకసారి గట్లనే చెప్పిన" అన్నాను.

ఇద్దరం కాసేపు ప్రార్థనలో కూర్చున్నాం. లేచాక ఇట్లా అనుకున్నాం. అన్నానికి ముందే చెప్పాలి, ఒళ్లో కూర్చోబెట్టుకుని తండ్రే చెప్పాలి. చనిపోయింది అన్న మాటే వాడాలి. పొద్దున ముగ్గురం కొత్తూరు పోవాలి, ముఖం చూస్తానంటే చూపించాలి. పాప ఏడిస్తే ఎవరమూ ఊరుకో అనకూడదు.